మన్మథరావు చేసిన సముద్రం

నీళ్లలో పెద్ద కష్టమేముందని మీరనుకోవచ్చు. కుళాయి తిప్పితే వస్తాయి, బిందె వంచితే పోతాయి. కాశీబుగ్గలో పెళ్లి వీడియోల షాపు నడిపే మన్మథరావు కూడా 2005 వేసవి దాకా అలాగే అనుకున్నాడు.

అప్పటికి అతని కంప్యూటర్ విద్యంతా పెళ్లికొడుకుని తామరపువ్వులోంచి పైకి లేపడం, పెళ్లికూతుర్ని చందమామలో కూర్చోబెట్టడం. అంతవరకే. ఇంతలో విశాఖపట్నంలో ఓ యానిమేషన్ కంపెనీ, ఇంటి దగ్గర కూర్చుని పని చేసేవాళ్లు కావాలని పేపర్లో వేసింది. పరీక్ష ఒక్కటే. ఒడ్డున విరిగే సముద్రపు కెరటాలు, వాటి మీద ఓ పడవ, అర నిమిషం. అంతా కంప్యూటర్లోనే పుట్టాలి, చూస్తే నిజం అనిపించాలి. గడువు రెండు నెలలు.

తామరపువ్వులంటే మన్మథరావుకి మొహం మొత్తేసింది. ఈ పని దొరక్కపోతే ముసలితనం దాకా పెళ్లికొడుకుల్ని పైకి లేపుతూనే ఉండాలి. అది తలుచుకుంటే అతనికి నిజంగా దిగులేసేది.

పాఠాల సీడీ తెప్పించాడు. నీటిని లక్షల చుక్కలుగా చేసి, ఒక్కో చుక్కకీ బరువెంతో, చిక్కదనమెంతో, పక్క చుక్కతో ఎంత సఖ్యంగా ఉండాలో చెప్పాలట. సఖ్యత ఎక్కువ చెబితే కెరటం ఉప్మాలా ముద్దయ్యేది. తక్కువ చెబితే ఆవాల డబ్బా ఒలికినట్టయ్యేది. ఒక్క కెరటం లెక్క కట్టడానికి కంప్యూటర్‌కి రెండు పగళ్లు పట్టేది. రెండో పగలు సరిగ్గా నాలుగింటికి కరెంటు పోయేది.

ద్రవాల స్వభావం తెలియాలని వంటింటి మీద పడ్డాడు. నూనె గిన్నె వంచి చూశాడు. మజ్జిగని గడప మీంచి జార్చి చూస్తుండగా భార్య సీతారత్నం వచ్చింది.

“ఏటి సేత్తన్నావు బావా?”

“మజ్జిగెలా పారతాదో సూత్తన్నాను.”

“నీ గొంతులోకి పారితే సాల్దేటి? ఇల్లంతా పారించాలా?”

“ఇది సదువే. నీకు తెల్దు.”

“అలాగా. గుడ్డ అక్కడుంది. సదివినంత మేరా తుడిసీ.”

సీతారత్నం పరాయి పిల్లేం కాదు, బారువలో ఉండే మేనమామ పోలారావు కూతురు. పోలారావు నలభై ఏళ్లుగా సముద్రం మీద చేపల వేటకి వెళ్తున్నవాడు. మన్మథరావు తండ్రి మాత్రం ఎప్పుడో జీడిపప్పు పనికని కాశీబుగ్గ పక్కనున్న పలాస వచ్చేశాడు. దాంతో కొడుక్కి సముద్రమంటే కొబ్బరినీళ్లు తాగుతూ చూసే వస్తువైపోయింది.

నెల గడిచినా ఉప్మా కరగలేదు. అప్పుడు మన్మథరావుకి ఉపాయం తట్టింది. దేవుడు బారువలో చేసిపెట్టిన సముద్రాన్ని మళ్లీ తను చేయడమెందుకు? కెమెరాతో తీసుకొచ్చి, కాస్త మసక చేసి, మీద కంప్యూటర్ పడవని అంటిస్తే విశాఖపట్నం వాళ్లకి ఎలా తెలుస్తుంది?

మందసలో పెళ్లి వీడియో ఉందని ఇంట్లో చెప్పి బారువ బస్సెక్కాడు. మామ కంట పడకూడదని తలకి తువ్వాలు చుట్టుకుని, ఒడ్డున బోర్లించిన ఓ పడవ చాటున కూర్చుని గంటసేపు కెరటాలు తీశాడు. ఆకలి దంచేస్తున్నా అత్తారి వీధి వంక తల తిప్పకుండా తిరిగొచ్చేశాడు.

మూడు రోజుల్లో సముద్రం తయారైంది. సీతారత్నం మూడుసార్లు వేయించుకుని చూసింది. ఇదంతా నువ్వే చేశావా అని అడిగింది. ఒక్కో చుక్కా నేనే చేశానన్నాడు. అయితే నాన్న చూడాల్సిందే అంది. వద్దనడానికి మన్మథరావుకి కారణం దొరకలేదు.

ఆదివారం పోలారావు చేపల బుట్టతో దిగాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, మానిటర్ ముందు నేల మీద గొంతుకూర్చున్నాడు. బారువలో పడవ దింపేముందు ఆయన ఇసుకలో అలాగే కూర్చుని కెరటాలు లెక్కపెడతాడు. పెద్దవి వరసగా వచ్చిపోయాక కాస్త సందు దొరుకుతుంది, పడవని ఆ సందులోనే తోయాలి. ఆయన ఊఁ అనేదాకా ఎవరూ పడవ మీద చెయ్యి వేయరు. ఇక్కడా వేళ్లు ముడుస్తూ లెక్క మొదలుపెట్టాడు.

“సముద్రం బాగుంది అల్లుడా. పడవే తప్పు. రెండో పెద్ద కెరటం మీద దింపీసినావు. అందులో ఉన్నోళ్లు ఇంటికి రారు.”

అదెంత పని నాన్నా అంది సీతారత్నం. బావ చేసిన కెరటమే కదా, తగ్గించేస్తాడు.

మన్మథరావు మౌస్ పట్టుకున్నాడు. పడవ చిన్నదైంది, పెద్దదైంది, ఓసారి ఆకాశంలోకి వెళ్లొచ్చింది. కెరటం మాత్రం దేవుడు పెట్టిన చోటే ఉంది. కరెంటైనా పోతే బాగుండునని బల్బు వంక చూశాడు. ఏడాది పొడుగునా పోయే కరెంటు ఆ ఆదివారం కదల్లేదు.

“తగ్గించు బావా.”

“లెక్క కట్టాల. వారం పడతాది.”

“పోనీ పెంచు.”

“అదీ వారమే.”

పోలారావుకి జాలేసింది. “సాల్లేవే, వొదిలీ. అల్లుడా, ఆ దినం తువ్వాలు సుట్టుకోని కూకున్నావే, ఆ పడవ నాదే. ఊరంతా సూసింది. మీ అత్త సేపల పులుసు వొండీసి సాయంత్రం దాకా గుమ్మంలోనే కూకుంది. ఊర్లోకొచ్చి ముద్ద తినకండా ఎల్లిపోనావు. మావేటి తప్పు సేసినాం?”

దొంగతనం బయటపడినందుకు మన్మథరావు ఏదో ఒకటి చెప్పి ఉండేవాడే. గుమ్మంలో ఎదురుచూసిన అత్త కళ్ల ముందు మెదిలేసరికి మౌస్ వదిలేసి తల దించుకున్నాడు. చాలా సిగ్గుపడ్డాడు. నీకెప్పుడు తెలిసిందని భార్యని మెల్లగా అడిగాడు.

“నువ్వు బస్సు దిగకముందే అమ్మ ఫోను సేసింది. మందస పెళ్లిలో బోయినం ఎలాగుందని అడిగితే బూరెలు బాగున్నాయన్నావు.”

శిక్ష సీతారత్నమే వేసింది. వారం రోజులు బారువలో ఉండాలి, పొద్దున్నే మామ పక్కన ఇసుకలో కూర్చోవాలి, అత్త పెట్టినంతా తినాలి. మన్మథరావు అంతా తు.చ. తప్పకుండా చేశాడు. అక్కడ పోలారావు చెప్పాడు, ఒడ్డుకి దూరంగా నీళ్ల కింద ఇసుక దిబ్బ ఉందని, కెరటానికి అక్కడే కాలు తగులుతుందని, తూలుకుంటూ వచ్చి ఇక్కడ విరుగుతుందని, ఏ రెండూ ఒకలా రావని.

తన సముద్రానికి అసలు అడుగే లేదని మన్మథరావుకి అప్పుడు వెలిగింది. ఇంటికొచ్చి ముందు నీళ్ల కింద ఇసుక పోశాడు, దిబ్బ పెట్టాడు. కరెంటు పోయినప్పుడల్లా తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి కెరటం తూలి, వంగి, నురగలు కక్కుతూ విరిగింది. పోలారావు వచ్చి, లెక్కపెట్టి, ఊఁ అన్నాడు. తన పెళ్లినాడు కూడా మన్మథరావుకి అంత సంతోషం కలగలేదు. గడువు ఇంకా రెండు రోజులుందనగా సీడీ విశాఖపట్నం వెళ్లింది.

వారానికి ఫోనొచ్చింది. కంప్యూటర్లో చేయమంటే బీచికెళ్లి కెమెరాతో తీసి పంపుతారా, మేమంత అమాయకులమా అని కంపెనీ ఆయన గట్టిగానే అడిగాడు. మన్మథరావు ఒట్లు వేశాడు. ఫోన్లో కనబడదని మరిచిపోయి గుండెల మీద చెయ్యి కూడా వేసుకున్నాడు. సీతారత్నం నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని ఫోను లాక్కుంది.

“బాబూ, మా ఆయన అబద్ధం ఆడితే ఒక్క పూటైనా దాగదు. ఇది నిజమే. సోమవారం కంప్యూటర్ పట్టుకోని మీ ఎదరే కూకుంటాడు. మీరే కెరటం తగ్గించమంటే ఆ కెరటం తగ్గిత్తాడు.”

సోమవారం వెళ్లినవాడు నాలుగో రోజు చీకటి పడుతుండగా వచ్చాడు. పని దొరికింది, జీతం కూడా బాగుంది. కానీ గుమ్మంలోనే నిలబడి చెప్పులు విప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు.

“ఏటన్నారు?” అంది సీతారత్నం.

“ఏ సముద్రం పంపినా, తీసింది కాదు సేసిందేనని కవరు మీద నీ సంతకం ఉండాలట. నేకపోతే తెరవరట.”

“ఇప్పుడు పెట్టాలా, నువ్వు తిన్నాకా?”

తిన్నాకే అన్నాడు మన్మథరావు.