ఇస్తిరీ పెట్టిన పేదరికం

సభ మొదలవడానికి కాసేపటి ముందు, వేదిక వెనక గదిలో మా పేద విద్యార్థిని ఇస్తిరీ బట్టల్లో కనబడింది.

కనిపెట్టినవాడు మా కోశాధికారి నీలకంఠం. అతను కేక పెట్టలేదు. తలుపు దగ్గరగా వేసి, కార్యదర్శినైన నా చెవిలో, "బావా, కొంప మునిగిపోనాది. ఆ మడతలు సూడు, కత్తుల్లా ఉన్నాయి" అన్నాడు.

లోకం తెలిసిన పాఠకులకు ప్రమాదమేమిటో వేరే చెప్పనక్కర్లేదు. పలాస జీడి వర్తకులం కలిసి నడుపుకుంటున్న మా సేవాసమితి ఏటా ఒక పేద పిల్లను చదివిస్తుంది. ఆనవాయితీగా రెండు ఫొటోలు తీస్తాం. మాసిన బట్టల్లో ఒకటి, అది మా సాయానికి ముందు. మేమిచ్చిన కొత్త బట్టల్లో ఒకటి, అది మా సాయం తర్వాత. ఆ రెండింటికీ మధ్య కనబడే తేడానే మేము సేవ అంటాం. తేడా కనబడకపోతే మేమేం చేసినట్టు?

ఈసారి ఎంపికైన పిల్ల ప్రమోదిని. వజ్రపుకొత్తూరు వైపు ఊరు. తండ్రి కిడ్నీ జబ్బుతో పోయాడు. పదో తరగతిలో మండలానికే ఫస్టు. ఇంతకంటే మంచి అర్హతలు మేము కూర్చుని రాసినా కుదరవు. సమితి సరేనంటే విశాఖ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతుంది. కాదంటే తల్లి వెంట జీడిపిక్కలు కొట్టడానికి పోతుంది.

దర్యాప్తు మొదలైంది. చుడీదార్ పాతదే. మోచేతి దగ్గర కుట్టు కూడా ఉంది. కానీ ఆ కుట్టు సైతం పొందికగా ఉంది! జడలకు రిబ్బన్లు. పాదాలకు దుమ్ము లేదు. ఇది టెక్కలి సమితివాళ్ళ కుట్రేనని నా అనుమానం. పోయినేడు వాళ్ళ పిల్ల వేదిక మీద వెక్కి వెక్కి ఏడ్చింది. మా పిల్ల ఆవలించింది. అప్పటినుంచీ వాళ్ళను పట్టలేకపోతున్నాం.

"ఇస్తిరీ ఎవలు సేసినారు?" నీలకంఠం గొంతు తగ్గించి అడిగాడు.

"నానే. సెంబులో నిప్పులేసి రుద్దినాను."

"ఎవలు సెయ్యమన్నారు?"

"ఎవలో సెప్పాలేటి? సభకి పిలిసినారు గదా."

నీలకంఠం బీరువాలోంచి గోనెసంచి రంగు డ్రెస్సు ఒకటి తీశాడు. అది సమితి ఆస్తి. ఏటేటా పిల్లలు మారతారు, డ్రెస్సు మారదు. ఇంతవరకు ఎవరికీ సరిపోలేదు. దాని గొప్పతనమే అది.

"ఫొటో అయ్యేదాకా ఇది ఏసుకో తల్లీ. తర్వాత కొత్తది ఇత్తాం."

"ఇది నాది కాదు గదా బాబూ."

"ఏసుకోకపోతే ఇశాపట్నం సీటు ఉండదు మరి."

మూలన నిలబడ్డ తల్లి బొడ్డమ్మ, జీడిరసానికి నల్లబడిన వేళ్ళు కొంగులో దాచుకుంటూ, "ఏసుకోయే. ఒక్క ఫొటోయే గదా" అంది.

"నువ్వు కడుపు కట్టుకుని కొన్న గుడ్డ ఇప్పీసి, ఈల్ల గుడ్డ తొడుక్కోమంతావేటమ్మా? సీటు పోతే పోనీ. నీతోపాటు పిక్కలు కొడతాను."

అంటూండగానే పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నీలకంఠం ఆశగా ఫొటోగ్రాఫర్‌ను కేకేశాడు. అతను వచ్చేలోగా తుడిచేసుకుంది. అలాగే, ఆ మడతలతోనే, వేదిక ఎక్కేసింది.

విశాఖ నుంచి వచ్చిన దాత సునీల్ గారు ఆమెను కిందికీ పైకీ చూశారు. "అమ్మాయి పేదదేనా? మా ట్రస్టుకు రూల్స్ ఉంటాయండీ. ఎవరైనా పూచీ ఇస్తే ఇప్పుడే సంతకం పెట్టేస్తాను" అన్నారు.

నేను నీలకంఠాన్ని చూశాను. నీలకంఠం తన చేతిలోని డ్రెస్సును చూశాడు. ప్రమోదిని మైకు దగ్గరికి జరిగింది.

"మాయమ్మ ఈ అధ్యక్షుల బాబుగారి జీడి బట్టీలోనే పనిసేత్తాది. మేము పేదోలమో కాదో ఆరినే అడగండి."

సభ నిండుగా కనబడాలని పని మాన్పించి మేమే తోలుకొచ్చిన బట్టీ ఆడవాళ్ళు వెనక వరసల్లో కిసుక్కుమన్నారు. అధ్యక్షులు రమణమూర్తి గారు మాత్రం తనకు దక్కిన గౌరవానికి పొంగిపోయారు. కండువా సర్దుకుని లేచారు.

"సునీల్ గారూ, ఇస్తిరీ చూసి మోసపోకండి. ఈ పిల్ల ముమ్మాటికీ పేదదే. పూచీ నాది. దీని తల్లి పెళ్ళయిన మర్నాటినుంచీ నా బట్టీలోనే పిక్కలు కొడుతోంది. తల్లికి అత్త కూడా నా దగ్గరే కొట్టి కొట్టి పోయింది. కూలి ఎంతో తేల్చేది నేను. ఇచ్చేది నేను. పెంచమని అడిగిన ప్రతిసారీ కుదరదన్నదీ నేనే. ఇన్నేళ్ళలో నా కూలి తిని ఒక్క కుటుంబం బాగుపడిందని నిరూపించండి, ఈ పదవికి రాజీనామా చేస్తాను. అయితే ఇదంతా నా ఒక్కడి ఘనతే అంటే అన్యాయమవుతుంది. వేదిక మీదున్న సభ్యులందరూ తలో చెయ్యి వేశారు. ముఖ్యంగా మా కార్యదర్శి గారు."