వస్తాను

ఆ ఉదయం ఆమె పథకం చాలా చిన్నది. పదింటికి నాటకశాలకు వెళ్లి మానేస్తున్నానని చెప్పాలి. పన్నెండింటికల్లా అక్క పనిచేసే కుట్టుమిషన్ల షెడ్డులో చేరిపోవాలి.

పరాయి దేశం వచ్చి పదమూడేళ్లు. పాడేది, పాటలు తనే రాసుకునేది, నాటకాల్లో వేసేది. రాసిన నలభై పాటలూ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి, ఎవరూ అడగలేదు. వేసిన పాత్రల్లో పెద్దది రెండో అంకంలో తలుపు తీసే పనిమనిషి. అసలు పేరు నోరు తిరగక అక్కడ అందరూ ఆమెను "తలుపు" అనే పిలిచేవారు.

"ఈసారైనా తెగేసి చెప్పి రావే," అంది అక్క. "మా యజమానురాలికి నాటకాలవాళ్లంటే ఒళ్లుమంట. నా మొహం చూసి తీసుకుంటోంది నిన్ను."

తెగేసే చెప్పింది. "అక్క దగ్గర పని దొరికిందండీ. మానేస్తున్నాను."

"సరే," అన్నాడు దర్శకుడు, కాగితాల్లోంచి తలెత్తకుండా. పదమూడేళ్లకు దక్కిన వీడ్కోలు అది. ఆమె కళ్లు తుడుచుకుని గుమ్మం దాకా వెళ్లి, వాళ్ల భాషలోనే అంది: "వస్తాను."

గడప దగ్గర "వెళ్తాను" అంటే చిన్నప్పుడు అమ్మ నెత్తిన మొట్టేది. దేశం మారినా ఆ మొట్టికాయ మానలేదు.

దర్శకుడు తలెత్తాడు. "వస్తావా? ఎప్పుడు?"

"రానండీ. వెళ్లిపోతున్నాను. అందుకే వస్తానన్నాను."

అతనికి ముక్క అర్థం కాలేదు. కానీ అంకాల మధ్య పాడే అమ్మాయికి ఆ ఉదయమే గొంతు పోయింది. ఆ సంగతి తెలిసి ఈమె బెట్టు చేస్తోందనుకున్నాడు. "సరేనమ్మా, గెలిచావు! సాయంత్రం నీ సొంత పాటే పాడు. మేనేజర్, ఈవిడ ఫొటో బోర్డుకెక్కించు!"

కాదనడానికి ఆమె నోరు తెరిచింది. పదమూడేళ్ల ఆశ ఆ నోరు నొక్కేసింది. ఒక్క పాట పాడి మానేద్దామనుకుంది.

పన్నెండింటికి షెడ్డు చేరేసరికి యజమానురాలు గేటులోనే నిలబడి ఉంది. నాటకశాల బోర్డు ఆవిడ వచ్చే దారిలోనే ఉంది మరి. "పొద్దున కుట్లు, సాయంత్రం పాటలూనా? అక్కర్లేదు, పో!"

అక్క తల పట్టుకుంది. "మానెయ్యడం కూడా చేతకాలేదటే నీకు!"

ఇక మిగిలింది ఆ పాటే. సాయంత్రం పాడింది. హాలంతా ఊపిరి బిగబట్టి విని, ఆపైన లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. దర్శకుడి కళ్లు చెమ్మగిల్లాయి. "రేపు ఒప్పందం కాగితం రాయిస్తాను. ఇకమీదట ఆ పాట రోజూ ఉంటుంది."

ఆమె గుండె నిండిపోయింది. రాత్రి ఇంటికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఆగింది. పొద్దుటి తప్పు మళ్లీ చేయకూడదు. మనసులో అమ్మకు క్షమాపణ చెప్పుకుని, కూడబలుక్కుని, స్పష్టంగా అంది: "నేను వెళ్లిపోతున్నాను."

దర్శకుడి ముఖం పాలిపోయింది. "మళ్లీనా? ఎక్కడికి?"

"అక్క దగ్గరికండీ. నా కోసం చూస్తుంటుంది."

దర్శకుడు వెనుదిరిగి వెళ్లిపోయాడు. ఒక మనిషిని రెండుసార్లు బతిమాలే అలవాటు అతనికి లేదు.

మర్నాడు పొద్దున బోర్డు మీద వేరే ముఖం ఉంది. ఒప్పందం మీద వేరే సంతకం కూడా అయిపోయింది. గడప దగ్గరే నిలబడి, వస్తానంటే ఏమిటో, వెళ్తానంటే ఏమిటో, అమ్మ మొట్టికాయతో సహా ఆమె మేనేజరుకు వివరించింది.

అతను ఓపిగ్గా విని, జాలిగా తలూపాడు.

"ఏమాటకామాటే చెప్పుకోవాలి తలుపూ, నిన్న సాయంత్రం మాత్రం మా భాష ఒక్క తప్పు లేకుండా మాట్లాడావు."