మూడో గీతకు నాలుగు సెకన్లు

సైనికుడికి బుర్ర కన్నా పిక్కలు ముఖ్యం! కాదనేవాళ్ళు దయచేసి ఇక్కడితో చదవడం ఆపి, పది బస్కీలు తీసి రండి.

పూర్వం సిపాయికి ప్రమోషన్ ఇవ్వాలంటే పై అధికారికి ఎంత తలనొప్పి! వీడికి పని వచ్చా, తోటివాళ్ళు వీడి మాట వింటారా అని ఆలోచించాలి. ఇప్పుడు ఆ బాధ లేదు. స్టాప్‌వాచీ ఉంది. దానికి బంధుప్రీతి లేదు, మొహమాటం లేదు. కళ్ళు కూడా లేవనుకోండి, అది వేరే సంగతి.

మా తోడల్లుడినే చూడండి. సైన్యంలో రేడియో సెట్లు బాగుచేస్తాడు. పద్నాలుగేళ్ళ సర్వీసు. మూగబోయిన సెట్టును చెవి దగ్గర పెట్టుకుని తట్టి, ఏ తీగ ఊడిందో చెప్పేస్తాడు. భుజం మీద రెండు గీతలున్నాయి. మూడో గీత కోసం ఈ ఏడాది మూడు కిలోమీటర్లు పరుగెత్తి, నాలుగు సెకన్లు ఆలస్యంగా చేరాడు. అంతే, ఫెయిల్!

ఆ నాలుగు సెకన్లు తిన్న మోకాలికి ఓ కథ ఉంది. నిరుడు వరదల్లో, సెట్టు తడవకూడదని నెత్తిన పెట్టుకుని కాలువ దాటుతూ జారిపడ్డాడు. సెట్టు బతికింది, మోకాలు పోయింది. పరీక్ష ఫారంలో అది రాయడానికి గడి లేదు. గడి లేనిది జరగనట్టే కదా!

మూడో గీత ఒక కుర్ర సిపాయికి వచ్చింది. అందరూ అతన్ని ‘జింక’ అంటారు. మంచివాడు. గీత కుట్టించుకున్న రోజే మా తోడల్లుడి దగ్గరికొచ్చి, “అన్నా, ఈ సెట్లో ఎటువైపు మాట్లాడాలో కూడా నాకు తెలీదే!” అని తల గోక్కున్నాడట.

పోయిన నెల కొండ మీద యుద్ధ విన్యాసాలు జరిగాయి. సరిగ్గా మధ్యలో రేడియో చచ్చింది. మా తోడల్లుడు స్క్రూడ్రైవర్ తీశాడు.

“సార్, ఒక్క నిమిషం ఇవ్వండి.”

“నీకు గీతలెన్ని?” అన్నాడు ఆఫీసరు.

“రెండు సార్.”

“విన్యాసాల్లో సెట్టు విప్పాలంటే మూడుండాలి. ఆగు.”

కబురు అందించడానికి జింకను పరుగెత్తించారు. కొండ దిగి ఆరు కిలోమీటర్లు! ఏం కబురనుకున్నారు? ‘మా రేడియో పాడైంది.’ అంతే దూరం వెనక్కి పరుగెత్తి జవాబు తెచ్చాడు: ‘ఆ రెండు గీతలవాడి చేత బాగుచేయించండి.’

నిమిషంలో సెట్టు పలికింది. ఆఫీసరు మురిసిపోయి రిపోర్టు రాశాడు, జింక పరుగు గురించి! ఫిట్‌నెస్ పరీక్ష లేకపోతే ఆ రోజు మన గతేమిటి?

ఇంత గొప్ప పద్ధతి మీద మా తోడల్లుడికి ఇంకా అలకేమిటో తెలుసుకుందామని వాళ్ళ బ్యారక్‌కు వెళ్ళాను. వాచిన మోకాలికి కట్టు కట్టుకుంటున్నాడు.

“పరుగులో ఓడితే నాకేం బాధ లేదు అన్నయ్యా. సిపాయన్నాక పరుగెత్తాల్సిందే. కానీ పద్నాలుగేళ్ళలో నాకు పని వచ్చో రాదో చూద్దామని ఒక్కడూ, ఒక్కసారీ పరీక్ష పెట్టలేదే!” అన్నాడు.

పెట్టిన పరీక్షనైతే ఎంతసేపైనా సమర్థించగలను. పెట్టని పరీక్షను ఎలా సమర్థించను?