నాలుగో నీటి సేవ

కేంద్ర ప్రభుత్వం తాను పౌరులకు అందించే సేవలన్నిటినీ వర్గీకరించినప్పుడు, తెలుగు జాబితాలో తాగునీరు, సాగునీరు, మురుగునీరు తర్వాత కన్నీరు నాలుగో నీటి సేవగా నమోదైంది. ఆ జాబితా అమల్లోకి వచ్చిన సోమవారం ఉదయం నుంచి తెలుగువాళ్లెవరికీ సొంతంగా కన్నీళ్లు రాలేదు.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. వర్గీకరణ సూచనల్లోని ఆరో పేరా ప్రకారం, సేవ పేరులో చివరి మాట ఏదో చూసి దాని వర్గం తేల్చాలి. తెలుగు ఉపసంఘం ఆ సూచనను అక్షరాలా పాటించి, నిఘంటువులో నీరుతో ముగిసే మాటలన్నిటినీ ఏరింది. మున్నీరు అంటే సముద్రం కాబట్టి రక్షణ శాఖ తీసుకుంది. పన్నీరు అతిథుల మీద చల్లడానికి కావాలని పర్యాటక శాఖ పట్టుబట్టింది. కన్నీటిని ఏ శాఖా అడగలేదు. ఎవరూ అడగనిది పౌరులకు మిగలడం ఆనవాయితీ. కాబట్టి దాన్ని పౌరసేవల్లో ఉంచారు. సేవ అన్నాక అందించేది ప్రభుత్వమే గాని, పౌరుడు తనకు తాను చేసుకునేది కాదు. ఆ సూత్రం కళ్లకు కూడా తెలిసినట్టుంది. సోమవారం నుంచి అవి సరఫరా కోసం ఎదురుచూశాయి.

తమిళ, కన్నడ విభాగాలు తమ మాటలోనూ నీరు ఉందనీ, ఏం చేయమంటారనీ లేఖలు రాశాయి. హిందీవాళ్లు మాత్రం ఇంకా ఎవరి ఏడుపు వాళ్లే ఏడుస్తున్నారు. ఈ సేవ వాళ్లకు ఎందుకు దక్కలేదని ఉత్తరాది సభ్యుడొకాయన సభలో నిలదీశాడు. దశలవారీగా అందిస్తామని మంత్రి హామీ ఇచ్చాడు.

సరఫరా ట్యాంకర్లతో జరిగేది. నీలం రంగు ట్యాంకరు వీధి మొదట్లో ఆగేది. చీటీలున్నవాళ్లు వరుసగా కూర్చునేవాళ్లు. డ్రైవరు దిగి వాల్వు తిప్పేవాడు. దానికి గొట్టం లేదు, లోపల ఏముందో ఎవరూ చూడలేదు. వాల్వు కిర్రుమనగానే వరుసలోని కళ్లు కారడం మొదలుపెట్టేవి. పావుగంటకు వాల్వు కట్టేసేవాడు. వెక్కు సగంలో ఉన్నవాళ్లు ఆ సగం మింగి లేచేవాళ్లు. తాగునీటి ట్యాంకరు దగ్గరిలాగే ఇక్కడా చోటు కోసం తగాదాలయ్యేవి. "నా సెప్పులిక్కడెట్టి ఎల్లినాను. కనపడ్నేదేటి నీకు?" అని ఒకామె అంటే, "సెప్పులు ఏడుత్తాయేటి? మనిసుండాల" అని ఇంకొకామె అనేది.

నాలుగో రోజు, అంటే గురువారం, పదకొండు గంటలకు ఎల్లాజీ మురుగుగోతిలోకి దిగి మళ్లీ పైకి రాలేదు.

ఎల్లాజీకి ఆ పని పద్దెనిమిదేళ్లుగా అలవాటు. మూత తీశాక లోపలికి ఒక రాయి విసిరి, చెవి ఒగ్గి వినేవాడు. ఆ చప్పుడును బట్టి లోతు చెప్పేవాడు. "నాను దిగితేగాని ఈ ఊరు లెగదు" అనేవాడు. ఆ రోజు కాంట్రాక్టరు మనిషి తొందరపెట్టాడు. ముక్కుకు కట్టుకోవడానికి తువ్వాలు తప్ప మరేమీ లేదు. పైన తాడు పట్టుకున్నది గంగులు. తాడు ఒక్కసారి గట్టిగా లాగినట్టయి, తర్వాత బరువుగా ఊరుకుంది. గంగులు అరచేతులు చీరుకుపోయేలా లాగాడు. పైకి వచ్చినవాడి నోట్లో, ముక్కులో ఊరి మురుగు ఉంది. తనెవర్నీ దిగమనలేదని కాంట్రాక్టరు ఆ సాయంత్రమే రాసిచ్చాడు.

ఆసుపత్రి వెనక గదిలో సోములమ్మ మొగుడి ముఖం కొంగుతో తుడిచింది. చెవుల్లో మిగిలిన మట్టిని చిటికెనవేలితో తీసింది. ఏడుపు గొంతు దాకా వచ్చి, గడియపెట్టిన తలుపు ముందు నిలబడినట్టు నిలబడి, వెనక్కి మళ్లింది. వెనక్కి వెళ్లి ఊరుకోలేదు. దవడల్లోకి పాకింది, చెవుల వెనక గట్టిపడింది, పొద్దున లేచేసరికి భుజాల మీద కూర్చుంది. చిన్నదినం నాడు వాడకట్టు ఆడవాళ్లు మెడలు పట్టుకుని శోకాలు పెట్టారు. తడి లేని గొంతులతో, ఆయన ఎంత మంచివాడో, ఏ కూర ఇష్టంగా తినేవాడో ఒక్కొక్కటే చెప్పారు. అది ఏడ్చినట్టు లేదు. రేషను షాపులో పేర్లు పిలిచినట్టుంది. సోములమ్మకు తన లోపల తానే ఒక పరాయి మనిషిలా తోచింది. ఇంత జరిగినా కళ్లు పొడిగా ఉంటే, జరిగింది తనకు కాదేమోనని ఒక్కో క్షణం అనిపించేది. ఆ అనుమానానికి ఆమె భయపడింది.

మర్నాడు చీటీ లేకుండానే ట్యాంకరు దగ్గర వరుసలో కూర్చుంది. వాల్వు తిరిగింది. కుడిపక్క ముసలామె భోరుమంది. ఎడమపక్క ఉద్యోగం పోయినవాడు మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. మధ్యలో సోములమ్మ కళ్లు పావుగంటసేపు తెరుచుకుని, ఎండకు మండాయి.

నాలుగో నీటి సేవ ప్రాంతీయ కార్యాలయంలో రాజమోహన్ అనే అధికారి ఉన్నాడు. వర్గీకరణ చేసిన ఉపసంఘంలో అతనూ ఒకడు. మర్యాదస్థుడు. ఆమెకు కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించాడు. మొదటి నీటి సేవ ఎవరికైనా వెంటనే ఇవ్వవచ్చు.

"నాలుగో సేవలో నాలుగు రకాలున్నాయమ్మా" అన్నాడు. "ఆనందబాష్పాలు పెళ్లిళ్లకీ, పరీక్షా ఫలితాలకీ. కంటతడి మామూలు కష్టాలకి. మొసలి కన్నీరు ప్రజాప్రతినిధులది, దానికి దరఖాస్తు అక్కర్లేదు. మీకు శోకం వస్తుంది. ఎవరు పోయారు?"

"మా ఇంటాయన, బాబూ."

"అయ్యో. ఎలా పోయారు?"

"మురుగ్గోతిలో దిగినాడు. ఆ మురుగునీరు మింగేసినాది."

రాజమోహన్ కలం ఆగింది. జాబితా తిప్పాడు. నిజంగానే బాధపడ్డాడు.

"మురుగునీరు మూడో నీటి సేవ. ఒక సంఘటనకు ఒక కుటుంబానికి ఒకే నీటి సేవ. మీ ఆయన ద్వారా మీ కుటుంబం మూడోది వాడుకున్నట్టయింది. ఇక నాలుగోది ఇవ్వడం కుదరదు."

సోములమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక లేచి నిలబడింది.

"ఆడు సేవ సేయడానికి దిగినాడు బాబూ. సేవ తీసుకోడానికి కాదు."

"జాబితాలో సేవ చేసేవాళ్లకి గడి లేదమ్మా. సేవ చేసేది ప్రభుత్వం. మిగిలినవాళ్లంతా అందుకునేవాళ్లే."

"ఊరి పీకలోతు మురుగులో నిలబడినోడు పెబుత్వమా? అయితే పెబుత్వం సచ్చిపోనాదని రాయండి."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. రాజమోహన్ నవ్వలేదు. తలుపు దగ్గరికి వేసి వచ్చి, గొంతు తగ్గించాడు. దారి ఒకటి ఉందన్నాడు. గాలి ఇంకా వర్గీకరణ కాలేదు, వచ్చే విడతలో ఉంది. ఎల్లాజీ మురుగునీటి వల్ల కాకుండా గాలి ఆడక పోయాడని ఆమె సంతకం పెడితే మూడో సేవ వాడుకున్నట్టు కాదు. అప్పుడు శోకం మంజూరుకు అడ్డు ఉండదు. "అబద్ధం కూడా కాదు" అన్నాడు. "చివరికి అందరికీ ఆగిపోయేది గాలే కదా." మూడో సేవలో ఇంతవరకూ ఒక్క మరణం కూడా నమోదు కాలేదనీ, జాబితా శుభ్రంగా ఉంటే అందరికీ మంచిదనీ మెల్లగా చెప్పాడు.

"నాను పెట్టను" అంది సోములమ్మ. "ఆడి సెవిలోని మట్టి నా గోటిలో ఇంకా ఉన్నాది."

ఇంటికి వచ్చేసరికి ఆడపడుచు పారమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఎల్లాజీని ఎత్తుకుని పెంచింది ఆమే.

"నా తమ్ముడికి ఒక్క సుక్కేనా రాల్సవేటే? రాయివేటి నువ్వు?"

"నీకు వచ్చినాదేటి వదినా?"

"నానూ దరకాస్తెట్టినాను. తోడబుట్టినోళ్లకి తరవాతట. ముందు పెళ్లాంది అవ్వాలట. పెళ్లానికి సీటీ రాందే అక్కకి సీటీ రాదట." పారమ్మ రొమ్ము మీద చేత్తో కొట్టుకుంది. ఉత్త చప్పుడే వచ్చింది. "ఇక్కడ కట్టేసినట్టున్నాదే సోములూ. నాను ఏడవకుండా సచ్చిపోతాను. ఆడేటి సెయ్యమన్నాడో సెయ్యి. సచ్చినోడు ఏ నీటిలో సచ్చినాడో ఎవుడికి కావాల?"

సోములమ్మ మరో రెండు రోజులు ఆగింది. ఆ రెండు రోజులూ నోట్లో మెతుకు దిగలేదు. మొగుణ్ణి తలుచుకుందామని కూర్చుంటే ఆయన ముఖం రాకుండా ఆ కార్యాలయం బల్ల వచ్చేది. ఏడుపు లేని దుఃఖానికి ముఖాలు నిలవవని ఆమెకు తెలిసింది. ఏడో రోజు వెళ్లి సంతకం పెట్టింది. సంతకానికీ చీటీకీ మధ్య పట్టిన సమయం నాలుగు నిమిషాలు.

మర్నాడు పది గంటలకు ట్యాంకరు వచ్చింది. వదినా మరదళ్లు చీటీలతో పక్కపక్కన కూర్చున్నారు. వాల్వు కిర్రుమంది. సోములమ్మ గోతిని తలుచుకుంది, తాడును తలుచుకుంది, నోట్లోని మురుగును తలుచుకుంది. కళ్లు కదల్లేదు. పారమ్మ అప్పటికే నేల మీద పడి దొర్లుతోంది. ఒక నిమిషం పోయింది, రెండు పోయాయి. డ్రైవరు చీటీ అడిగి చూసి, "మంజూరైన కారణం తలుచుకోవాలమ్మా. ఇందులో గాలని ఉంది. వేరేది తలుచుకుంటే రాదు" అన్నాడు. రోజూ పదిమందికి చెప్పే మాటే.

ఆమె కళ్లు మూసుకుంది. గోతి మూత వేసేసింది. మొగుణ్ణి డాబా మీద నిలబెట్టింది. ఉతికిన చొక్కా తొడిగింది. చుట్టూ ఆకాశం పెట్టింది. అక్కడ ఆయనకు ఉన్నట్టుండి గాలి ఆడలేదు. గుండె పట్టుకుని, ఆమె వైపు చూస్తూ కూలబడ్డాడు.

అప్పుడు వచ్చింది. కడుపులోంచి, దవడల్లోంచి, భుజాల మీంచి వచ్చింది. మధ్యలో ఒక్కసారి గోతి గుర్తుకొస్తే ధార ఆగింది. ఆమె కంగారుగా మళ్లీ డాబా ఎక్కింది. మిగిలిన పదకొండు నిమిషాలూ దిగలేదు. వాల్వు కట్టేసేసరికి జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుంది. ఆ రోజు ఆమె కడుపునిండా తిని, పడుకున్న వెంటనే నిద్రపోయింది. శోకం పెద్దదినం దాకా రోజుకు పావుగంట మంజూరైంది. ప్రతిరోజూ డాబా ఇంకొంచెం స్పష్టంగా కనబడింది. చొక్కాకు గుండీలు వచ్చాయి. పిట్టగోడ మీద ఒక కాకి వచ్చి వాలింది.

పెద్దదినం నాడు భోజనాలయ్యాక గంగులు సోములమ్మ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అతని అరచేతులకు ఇంకా గుడ్డలు చుట్టి ఉన్నాయి.

"నాను వద్దన్నానప్పా" అన్నాడు. "మూత తీయగానే తెలిసిపోనాది. వాసన తేడాగుందిరా, ఈ గోతిలో దిగకురా అన్నాను. ఇన్నేదు."

సోములమ్మ అతని వైపు వింతగా చూసింది. ఆ చూపులో దాపరికం లేదు.

"గోతేటి గంగులూ? ఆడు గాలాడక పోనాడు. డాబా మీద."

గంగులు పారమ్మ వైపు చూశాడు. పారమ్మ తలూపింది. పక్కనున్న చుట్టాలూ ఊపారు. వాళ్లందరికీ అదే కారణం మీద చీటీలు వచ్చాయి. గంగులు ఒక్కడే ఏ వరసా కానివాడు, దరఖాస్తుకు అర్హత లేనివాడు. తన చేతుల గుడ్డల వైపు చాలాసేపు చూసుకున్నాడు.

"గాలే అయ్యుంటాది" అన్నాడు చివరికి.

సముద్రం మీంచి గాలి జోరుగా వీస్తోంది. షామియానా లేచిపోకుండా నలుగురు మగవాళ్లు నాలుగు మూలలా పట్టుకుని నిలబడవలసి వచ్చింది.