నాయనమ్మ ప్రాణాలు దక్కిన స్టేట్‌మెంటు సంగ్రామము

వినుడు, సీటు కోరు జనులారా, సీటు దక్కని జనులారా, దక్కియు ఏల దక్కెనో ఎరుగని జనులారా! చండభానుడు నడిమింట నిలిచి రేకుల కప్పులను పెనములవలె కాల్చుచున్న వేళ, దరఖాస్తుల గడువు దగ్గరపడి ఇంటింట తల్లిదండ్రుల రక్తపోటు సముద్రతరంగమువలె ఉప్పొంగుచున్న ఋతువున, బస్టాండుకు పోవు వీధిలో, చెప్పుల దుకాణమునకును మందుల దుకాణమునకును నడుమ ఇరుక్కున్న ఒకానొక కళ్ళజోళ్ళ దుకాణపు వెనుక గదిలో, మహాసంగ్రామ మొకటి ఆరంభమయ్యెను.

ఆ సంగ్రామానికి నాయిక దుకాణదారుని ఏకైక పుత్రిక. సమీకరణారణ్యాలను నరుక్కుంటూ వచ్చిన ధీరురాలు, భౌతికశాస్త్ర ప్రశ్నపత్రాలను చీల్చి చెండాడిన అపరాజిత, ఇంట్లో మాత్రం బుజ్జి. కాంతిశాస్త్రం చెప్పే విశ్వవిద్యాలయం ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. అందులో సీటు రాకపోతే పక్క వీధి కాలేజీలో కామర్స్ చదవాలి. ఆ తలపు వస్తే బుజ్జికి అన్నం సహించేది కాదు. మార్కులకు లోటు లేదు. అయినా పర్సనల్ స్టేట్‌మెంట్ అనే శ్వేతవర్ణ రాక్షసి ల్యాప్‌టాప్ తెర నిండా నోరు తెరుచుకుని, ఈ చదువు నీకెందుకో నీ మాటల్లో చెప్పమని గర్జిస్తోంది.

బుజ్జి వీరాసనం వేసి, అంటే కుర్చీలో కాళ్ళు మడుచుకుని కూర్చుని, తన మాటల్లోనే రాసింది: "మా నాన్న దుకాణంలో ఒక కటకం తీసి ఇంకొకటి పెడితే మసక అక్షరాలు తేటపడతాయి. అది ఎలా జరుగుతుందో పూర్తిగా తెలుసుకోవాలని ఉంది." చెప్పాల్సిన నిజం అంతటితో అయిపోయింది. పేజీ మాత్రం అయిపోలేదు. ఆ రెండు వాక్యాల కింద నిర్జన నిర్జల మరుభూమిలా పరుచుకుని వెక్కిరిస్తోంది.

కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని కూతురి భుజం మీదుగా తొంగిచూసిన దుకాణదారుడికి గుండె జారింది. "ఇంతేనా? మందు సీసా మీద చీటీ కూడా ఇంతకన్నా పొడుగుంటుంది కదే," అన్నాడు. మరుక్షణం దుకాణం షట్టరు సగానికి దించి, కూతుర్ని వెంటబెట్టుకుని విద్యాసలహాదారు మేడ మెట్లెక్కాడు.

ఆ సలహాదారు సామాన్యుడు కాడు. అక్షరవ్యాపార ధురంధరుడు, పరదుఃఖోపజీవి, అశ్రుధారా విక్రయ చక్రవర్తి. చల్లటి గదిలో గిర్రున తిరిగే కుర్చీ ఆయన సింహాసనం. గోడ నిండా ఆయన గెలిపించానని చెప్పుకునే పిల్లల ఫొటోలు. వాళ్ళు రాత్రనక పగలనక చదివి గెలిచారన్నది ఆయన దృష్టిలో వట్టి పుకారు. గెలిపించినవి తన వాక్యాలు. వచ్చిన ప్రతి తండ్రికీ ఆయన ఆ నమ్మకాన్ని టీతోపాటు పోసేవాడు, తండ్రులు రెండూ చల్లారకుండా తాగేవారు.

బుజ్జి రెండు వాక్యాలనూ ఆయన చెప్పు కింద పడ్డ చీమలను చూసినట్టు చూశాడు. కుర్చీ ఒక చుట్టు తిప్పి, మేఘగంభీర స్వరంతో ఉపదేశించాడు. "మార్కులు ఎవరికైనా వస్తాయమ్మా. కథ కావాలి. నీ గుండె పిండితే అవతల కూర్చున్న ప్రొఫెసరు కళ్ళు తడవాలి. తడిస్తేనే సీటు."

అంతటితో కష్టాన్వేషణ మొదలైంది. ఇల్లు వరదలో కొట్టుకుపోయిందా అని అడిగాడు. లేదు. అగ్నిప్రమాదం? లేదు. తండ్రికి తాగుడు? తండ్రి సిగ్గుతో తల అడ్డంగా ఊపాడు. తల్లి? ఆసుపత్రిలో నర్సు, ఉద్యోగానికి వెళ్ళి క్షేమంగా తిరిగొస్తుంది. ఇంటిల్లిపాదీ బాగానే ఉన్నారని తేలేసరికి సలహాదారు ముఖం వాడిపోయింది. తమ వల్లే పిల్ల భవిష్యత్తు పాడవుతోందన్నంత అపరాధభావంతో దుకాణదారుడు కుర్చీ అంచుకు జరిగాడు. చివరికి ఏదో గుర్తొచ్చినవాడిలా, తన తల్లికి ఆ మధ్య కళ్ళలో శుక్లాలు ఉండేవని, ఆపరేషన్ చేయించామని, ఇప్పుడు శుభ్రంగా కనిపిస్తోందని నసిగాడు.

సలహాదారు కళ్ళు మెరిశాయి. ఆపరేషన్ సంగతి ఆయనకు అనవసరం. కీబోర్డు మీద ఆయన వేళ్ళు కరవాలాల్లా ఆడాయి. టీ చల్లారేలోగా ఆ మహానుభావుడు ఒక నిక్షేపంలాంటి వృద్ధురాలి కళ్ళు పోగొట్టి, మంచాన పడేసి, మనవరాలి చేయి పట్టించి, "అందరి కళ్ళలో వెలుగు నింపు తల్లీ" అనిపించి, నిర్దాక్షిణ్యంగా ప్రాణాలు తీసేశాడు. ఆ కుర్చీలోంచి లేవకుండానే ఆయన ఎన్ని వంశాల ముసలివాళ్ళను స్వర్గానికి పంపాడో యమధర్మరాజుకైనా లెక్క తెలియదు.

కాగితం పట్టుకుని ఇంటికి వస్తూ దారిలో చదివిన బుజ్జికి కళ్ళు చెమర్చాయి. ఆమెకు భయం వేసింది కూడా అందుకే. అంత బాగుంది ఆ అబద్ధం. దాని ముందు తన రెండు వాక్యాలు వెలవెలబోయాయి.

చంపిన సంగతి దుకాణదారుడు తల్లి దగ్గర దాచలేకపోయాడు. బఠాణీలు ఒలుస్తున్న నాయనమ్మ అంతా చదివించుకుని వింది. తన మరణం దగ్గర చేయి ఆపి, తృప్తిగా తల కూడా ఊపింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"చస్తే చచ్చానని రాసుకోండిరా, పిల్లకి సీటొస్తుందంటే నాకేం అభ్యంతరం లేదు. గుడ్డిదాన్నై చచ్చానంటే మాత్రం ఊరుకోను. కన్నతల్లికే కళ్ళు తెప్పించలేనివాడి దగ్గర కళ్ళజోడు ఎవడు చేయించుకుంటాడు?"

దుకాణదారుడు పిడుగుపాటుకు గురైన మహావృక్షంలా నిలబడిపోయాడు. వ్యాపారకోణం ఆయనకు తట్టనే లేదు. గుడ్డితనం బదులు గుండెజబ్బు పెడితే ఎలా ఉంటుందని మెల్లగా ఆలోచన చేయబోయాడు. అప్పటికే బుజ్జి సలహాదారు మెయిల్‌లో పంపిన ప్రతిని తెర మీద తెరిచింది. అశ్రుసిక్త విశేషణాలూ కరుణరసపూరిత సమాసాలూ బారులు తీరి నిలబడి ఉన్నాయి. ఆమె డిలీట్ మీట మీద వేలు పెట్టి తీయలేదు. నాయనమ్మ మరణశయ్య కూలింది, చివరి కోరిక తోక ముడిచింది, వెలుగు నింపడాలన్నీ ఆరిపోయాయి.

"సీటు పోతే ఏం చేస్తావే?" అన్నాడు తండ్రి. ఆ గొంతులో కోపం లేదు, బెంగ ఉంది.

"కామర్స్ చదువుతా నాన్నా. రేపు ఇంటర్వ్యూలో మీ నాయనమ్మ ఎలా పోయిందని అడిగితే నేను ఏడవాలి. నాకు ఏడవడం రాదు, నవ్వొస్తుంది."

బుజ్జి తన రెండు వాక్యాలను మళ్ళీ నిలబెట్టి, వాటికి తోడు ఇంకొక్క వాక్యం రాసింది: "ఆపరేషన్ అయ్యాక మా నాయనమ్మ ఇంటికి వచ్చి గోడల మీద మరకలు చూసి, ఇన్నాళ్ళూ ఇలాంటి కొంపలోనా నన్ను కూర్చోబెట్టారని అందరినీ తిట్టింది, ఆ తిట్లు వింటున్నప్పుడు కటకం ఎంత గొప్పదో నాకు తెలిసింది." అంతే. పేజీలో మిగిలిన మరుభూమిని మరుభూమిగానే వదిలి పంపేసింది. సంగతి తెలిసిన సలహాదారు ఫోన్ చేసి, ఇది దరఖాస్తు కాదు, ఆత్మహత్య అని ప్రకటించాడు.

ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. ఫైళ్ళ పర్వతశ్రేణుల నడుమ ఒక ప్రొఫెసరమ్మ కూర్చుని ఉంది. మార్కులు చూసింది. కటకాల మీద ప్రశ్నల శరపరంపర కురిపించింది. బుజ్జి కొన్నింటిని తుంచి, ఒకదానికి తెలియదని చెప్పి, నిలబడింది. తర్వాత ప్రొఫెసరమ్మ స్టేట్‌మెంటు పైకి తీసింది.

"ఇవి మేం పెద్దగా చదవమమ్మా. మార్కులు సమానమైతేనే తెరుస్తాం. తెరిచినా రెండో పేరాలో ఎవరో ఒకరు పోతారు, అక్కడే మూసేస్తాను. మీది చిన్నగా ఉందని చదివాను. ఆవిడ ఇప్పుడెలా ఉన్నారు?"

"బాగున్నారండీ. ఇప్పుడు వంటింటి గోడ మీద పడ్డారు."

ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఈ ఏడాది నా బల్ల మీదికి వచ్చిన నాయనమ్మల్లో బతికున్నావిడ ఈవిడొక్కరే," అంది.

సీటు వచ్చింది. మార్కులకే వచ్చిందని ఆ కబురులోనే స్పష్టంగా ఉంది. అయినా వారం తిరగకుండా సలహాదారు గోడ మీద బుజ్జి ఫొటో వెలసింది. క్లుప్తత అనే దివ్యాస్త్రాన్ని ఆమెకు తానే ఉపదేశించానని ఆయన కొత్తగా వచ్చిన తండ్రులకు టీ పోస్తూ చెబుతున్నాడు, వాళ్ళు తాగుతున్నారు.

కావున వినుడు, జనులారా. విశ్వములు గడగడలాడినవి కావు, సింహాసనములు కూలినవి కావు, సలహాదారుల వ్యాపారము వీసమెత్తు తగ్గినది కాదు. ఐనను ఆ సంవత్సరమున, ఆ మహావిద్యాపీఠమున, పర్వతములవలె పేరుకున్న స్టేట్‌మెంటులలో ఒకానొకటి, మొదటి అక్షరము మొదలు తుది చుక్క వరకు, ఒక మనిషిచేత, ఆవులింత లేకుండ చదువబడెను. జయము, జయము, దిగ్విజయము.