జాకెట్ చేసిన వినికిడి పరీక్ష

ఆ రోజు ఉదయం చెవుల సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్తగా చేతికొచ్చిన పాత జాకెట్‌ను పది నిమిషాలు ఒంటి మీద వేసుకుని, అద్దంలో ముందూ వెనకా చూసుకుని, విప్పి బీరువాలో పెట్టి డ్యూటీకి వెళ్లిపోవాలి. చెవి, ముక్కు, గొంతు డాక్టరమ్మ క్లినిక్‌లో ఇరవై రెండేళ్లుగా వినికిడి పరీక్షలు చేస్తున్నారు కాబట్టి ఆయనకు ఆ పేరు స్థిరపడింది. కొలత తప్పని మనిషి. పది నిమిషాలంటే పదే.

బీరువాలో అప్పటికే ఆరు జాకెట్లున్నాయి. అన్నీ మోటార్‌సైకిల్ నడిపేవాళ్ల కోసం ఏ యాభై ఏళ్ల కిందటో కుట్టిన తోలు జాకెట్లు. సారుకు మాత్రం మోటార్‌సైకిల్ నడపడం రాదు. బస్సులో వెళ్తారు, అదీ పూర్తిగా ఆగితే తప్ప దిగరు. మరి ఇవెందుకని అడిగితే సరైన జవాబు దొరికేది కాదు. ఎవరో ఎక్కడో జారిపడి, లేచి, దులుపుకుని మళ్లీ బండెక్కిన ఆనవాళ్లు వాటి మోచేతుల మీద ఉంటాయి. తన చొక్కాల మీద అలాంటిదేమీ లేదు. ఆదివారాలు వాటికి నూనె పట్టిస్తూ, ఆ గీతల మీద వేలు పెట్టి ఊరికే కూర్చునేవారు.

ఈ ఏడోది నల్లది. ఎడమ మోచేయి గీరుకుపోయి బూడిద రంగుకు తిరిగింది. మణికట్ల దగ్గర రెండు చిన్న ఇత్తడి జిప్పులు, ముందువైపు నడుము నుంచి గొంతు దాకా ఒక పెద్ద జిప్పు. రాత్రి పాలిష్ పెట్టి వాటిని తళతళలాడించారు. ఉదయం జాకెట్ తొడుక్కుని పెద్ద జిప్పు పైకి లాగితే సాఫీగా గొంతు దాకా వెళ్లింది. కిందికి మాత్రం రానంది.

"సబ్బు రాసి చూడండి" అంది భార్య.

"రాశాను. కొవ్వొత్తి కూడా రుద్దాను."

"కత్తెర తేనా?"

సారు గోడకు ఆనుకుపోయారు. "కావాలంటే నా తోలు కత్తిరించు. దీని జోలికి రాకు."

ఆమె ఇక వాదించకుండా టైలరుకు ఫోన్ చేసింది. "మా ఆయన జాకెట్టు విప్పలేక అవస్థ పడుతున్నారు, ఒకసారి వచ్చి చూస్తావా?" అవతలి వైపు ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

టైము మించిపోతోంది. సారు జాకెట్ మీదే తెల్లకోటు వేసుకుని బయల్దేరారు. కోటు చేతులు మణికట్ల దాకా రాలేదు. ఇత్తడి జిప్పులు బయటికి కనబడుతూనే ఉన్నాయి.

మొదటి పేషెంటు ఒక పెద్దావిడ. కొడుకూ కోడలూ చెరో పక్కన పట్టుకుని తీసుకొచ్చారు.

"మూడేళ్లయింది సార్, పక్కన పిడుగు పడ్డా తెలియదు" అన్నాడు కొడుకు. "చెవి మిషను రాయించుకుని పోదామని వచ్చాం. మళ్లీ నెలలో అక్క దగ్గరికి పంపేస్తున్నాం, అక్కడ ఇబ్బంది పడకూడదు కదా."

ఆ మాటలు ఆమె తల మీదుగా వెళ్లిపోయాయి. ఆమె చూపంతా సారు మోచేతి దగ్గర, తెల్లకోటు కుట్టు విడిపోయి బయటపడిన తోలు మీద ఉంది. చేత్తో ఆ గీతలను తడిమి, "ఎక్కడ పడ్డావు నాయనా?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. కాదనడానికి మనసు రాలేదు. సిగ్గుపడుతూ తలూపారు.

మామూలుగా అయితే పేషెంటు కుర్చీని గోడవైపు తిప్పి కూర్చోబెట్టాలి. పరీక్ష గది గాజు అద్దం అవతల మిషను ముందు కూర్చున్న సారు చేతులు వాళ్లకు కనబడకూడదు. కుర్చీ తిప్పాలంటే వంగి కింద మర వదులు చెయ్యాలి. గొంతు దాకా బిగుసుకున్న జాకెట్‌లో ఆయన వంగలేకపోయారు. ఒక్కరోజుకు ఏం మునిగిపోతుందిలే అనుకున్నారు. ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో బటన్ పెట్టి, "కూత వినబడినప్పుడల్లా నొక్కాలమ్మా" అని అరిచి చెప్పారు.

పెద్దావిడకు అది వినబడలేదు. నొక్కాలని మాత్రం అర్థమైంది. ఎప్పుడు నొక్కాలా అని అద్దంలోంచి చూస్తే, సారు చెయ్యి కదిలినప్పుడల్లా మణికట్టు దగ్గర బల్లదీపం వెలుగు పడి ఏదో తళుక్కుమంటోంది. ఓహో, ఇదన్నమాట పరీక్ష అనుకుంది. మెరిసినప్పుడల్లా శ్రద్ధగా నొక్కింది.

సారు గ్రాఫు చూసుకుని విస్తుపోయారు. కూత స్థాయి తగ్గించారు. నొక్కింది. ఇంకా తగ్గించారు. తనకైనా వినబడుతుందో లేదో తెలియని కూతకు కూడా నొక్కింది. మళ్లీ మొదటినుంచి చేసినా అంతే. బయటికొచ్చి కొడుకుకూ కోడలికీ చెప్పారు. "అమ్మగారి చెవులు భేషుగ్గా ఉన్నాయి. మిషను అక్కర్లేదు."

కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. కొడుకు పెదాలు తడుపుకుని, "అన్నీ వినబడతాయా?" అన్నాడు.

"గుసగుసలతో సహా."

వాళ్లు ఆమెను వచ్చినప్పటికన్నా మెల్లగా నడిపించుకుంటూ వెళ్లారు. గంట తర్వాత కోడలి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, ఈమధ్యే బాగయ్యాయా, లేకపోతే మొదట్నుంచీ వినబడుతూనే ఉందా?"

"గ్రాఫును బట్టి చూస్తే ఆ చెవులు ఎప్పుడూ పాడవలేదమ్మా" అన్నారు సారు, తన అనుభవమంతా గొంతులో పెట్టి.

అవతల పెద్ద నిట్టూర్పు. "మా ఇంట్లో సిగ్నల్ ఆవిడ గదిలోనే బాగా వస్తుంది సార్. మూడేళ్లుగా మా చెల్లెలితో అక్కడ కూర్చునే మాట్లాడుతున్నాను. సగం మాటలు ఆవిడ గురించే."

సారు ఫోన్ పెట్టేసి తర్వాతి పేషెంటును పిలిచారు.

సాయంత్రం రిపోర్టుల మీద సంతకాలు పెడుతూ డాక్టరమ్మ ఆగిపోయింది. "ఏమిటి సారూ, ఇవాళ వచ్చిన ఏడుగురికీ చెవులు బంగారంలా ఉన్నాయి. ఇక నేను ముక్కులూ గొంతులూ చూసుకుని బతకాలా?"

మిషను పాడైందేమోనని ఆమే పేషెంటు కుర్చీలో కూర్చుంది. సారు కూతలు మొదలుపెట్టారు. అర నిమిషంలో హెడ్‌ఫోన్లు తీసేసి, అద్దం మీద తట్టింది. "మిషను బాగానే ఉంది. మీ చేతికున్నవేమిటి?"

జిప్పులు చూసుకుని సారు కుర్చీలో కూలబడ్డారు. ఉదయం నుంచి జరిగినదంతా చెప్పేశారు. ఆమె నవ్వలేదు. చెవిలో వాడే నూనెచుక్కల సీసా తెచ్చి జిప్పు మీద రెండు చుక్కలు వేసి, సన్నటి పట్టుకారుతో లోపల వెతికింది. లైనింగు దారం ఒకటి జిప్పు పళ్లలో చిక్కుకుని ఉంది. బయటికి లాగి చూపించింది.

"పిల్లల చెవుల్లోంచి ఇంతకన్నా మొండి గింజలు తీశాను. రేపు వీళ్లందర్నీ పిలిచి మళ్లీ చెయ్యండి. తప్పు మనదని మీరే చెప్పండి."

మర్నాడు ఆరుగురు వచ్చారు. పెద్దావిడ రాలేదు. ఫోన్ చేస్తే, "బాగానే ఉందిగా సార్, మళ్లీ ఎందుకు" అని పెట్టేశారు. సారు చేతిలో మోసుకెళ్లే చిన్న మిషను పట్టుకుని, మామూలు చొక్కా వేసుకుని, బస్సెక్కి ఆ ఇంటికి వెళ్లారు. నిన్న తలూపి ఒప్పుకున్న అబద్ధం బరువు మిషను కన్నా ఎక్కువగా ఉంది.

కోడలు వీధి గేటు దగ్గర ఎండలో నిలబడి ఫోన్ మాట్లాడుతోంది. హాల్లో కొడుకు తల్లికి ఎదురుగా కుర్చీ వేసుకుని, మొహంలో మొహం పెట్టి, ఒక్కొక్క మాటా విడదీసి చెబుతున్నాడు. "అమ్మా, అక్క దగ్గరికి పంపాలన్న మాట మర్చిపో. నువ్వు ఇక్కడే ఉంటావు." ఆమె అతని పెదాలను చూస్తూ తలూపుతోంది.

పరీక్ష చెయ్యాలని చెప్పి సారు పెద్దావిడను ఆమె గదిలోకి తీసుకెళ్లారు. జేబులోంచి కాగితం తీసి రాశారు. "నిన్నటి పరీక్ష తప్పు. నా జాకెట్ జిప్పు మెరుపు చూసి మీరు నొక్కారు. తప్పు నాది." ఒక్క క్షణం ఆగి, కింద ఇంకో వరుస రాశారు. "ఆ మోచెయ్యి గీరుకున్నది నేను పడి కాదు. నాకు బండి నడపడమే రాదు."

పెద్దావిడ రెండుసార్లు చదివింది. రెండో వరుస మీద కాసేపు ఎక్కువే ఆగింది. ఆయన చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, చెవిలో రహస్యం చెప్పింది. వినబడని మనిషి చెప్పే రహస్యం కాబట్టి అది వీధి గేటు దాకా వినబడింది.

"నాకేమీ వినబడదని వాళ్లకు చెప్పకు నాయనా. మూడేళ్ల తర్వాత నిన్ననే నా మొహం చూసి మాట్లాడారు."

హాల్లో కుర్చీ జరిగిన చప్పుడైంది. గేటు దగ్గర ఫోన్ మాటలు ఆగిపోయాయి. సారు తల వంచుకుని కాగితం మడతలు పెట్టారు, విప్పారు, మళ్లీ పెట్టారు. తప్పుడు రిపోర్టు తన సంచిలోనే ఉంది, సరిదిద్దాల్సిన బాధ్యతా తనదే. ఏం చెప్పాలో కూడబలుక్కునేలోపే కొడుకు గదిలోకి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెనకే కోడలు. అతను తల్లి మంచం ముందు కింద కూర్చుని, ఆమెకు పెదాలు కనబడేలా తల ఎత్తాడు.

"అమ్మా, నీ చెవులు బాగానే ఉన్నాయి. కానీ ఈ వయసులో ముందుజాగ్రత్తగా ఒక మిషను పెట్టుకుంటే మంచిదని సారు అంటున్నారు."

కోడలు కూడా ముందుకొచ్చి, మాట మాటకూ నోరు తెరిచి చెప్పింది. "పెట్టుకోండి అత్తయ్యా. నాకోసం."

పెద్దావిడ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "అవసరం లేదనుకో. మీరింతగా అడుగుతున్నారు కాబట్టి ఒప్పుకుంటున్నాను" అంది.

సారు కొత్త రిపోర్టు రాసి డాక్టరమ్మకు పంపారు. మిషను రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఆ ఇంట్లో ఏమీ విననట్టు నటించింది పెద్దావిడ కాదు, మిగిలిన ఇద్దరూ.