ముట్టుకుంటే చిగురించే నాయిన

పితృభక్తికి కరెంటు కనెక్షన్ ఇప్పించిన మొట్టమొదటి పుత్రరత్నం గౌడవెల్లి నగేష్!

తండ్రి దినాలకు ఫ్లెక్సీ కట్టని కొడుకెవడు? అది ఎండకు వెలిసి, గాలికి చిరిగి, చివరికి ఎవరి బర్రెల కొట్టం మీదనో కప్పుగా మోక్షం పొందుతుంది. వార్డు ఎన్నికల్లో నిలబడబోయే మనిషికి అది చాలుతుందా? అందుకే నగేష్ మేడ్చల్ రోడ్డు మలుపులో నిలువెత్తు డిజిటల్ తెర పెట్టించాడు. పైన “కీ.శే. గండయ్య గారికి అశ్రునివాళి.” కింద “ఇట్లు, కుమారుడు నగేష్.”

తెర తయారుచేసిన స్నిగ్ధ వివరించింది: “కాలం గడిచేది కండ్లకు కనవడాలె కదన్నా! ముట్టుకుంటే అక్షరం చిగురిస్తది. ఎవ్వలు ముట్టకుంటే పండుబారి వంగిపోతది. మరీ వడలితే చెయ్యి చాలాసేపు ఆనించి ఉంచాలె. నడుమ తీస్తే మళ్ల మొదటికే.”

“మస్తుంది! ఊరంత నాయినను తల్సుకుంటది!” అన్నాడు నగేష్.

ఊరంతా వచ్చింది. వచ్చి, టికెట్టు వచ్చేలా ఉన్నవాడి పేరునే నిమిరింది. నెలలు గడిచేసరికి “నగేష్” గుబురుగా పొదలా పెరిగింది. “గండయ్య” మాత్రం ఎండిన బీరతీగలా వేలాడింది. అంతలో సంవత్సరీకం! టికెట్లు పంచే చలపతిరావు స్వయంగా దండ వెయ్యడానికి వస్తున్నాడని కబురు!

నగేష్ ఉరికి, నాయిన పేరు మీద రెండు అరచేతులూ ఆనించాడు. దుఃఖంతో కూలిపోతున్న కొడుకులా ఫొటోలు కూడా బ్రహ్మాండంగా పడ్డాయి. అక్షరాలు మెల్లగా తలలెత్తసాగాయి.

చలపతిరావు దండ వేసి మురిసిపోయాడు. “కొడుకంటే గిట్లుండాలె! శామీర్‌పేటల ఇంకో సావుకు వోవాలె. నగేషూ, కార్ల కూసో. టికెట్ ముచ్చట తొవ్వల మాట్లాడుకుందాం. జల్దీ!”

చెయ్యి తీస్తే అందరి ముందు నాయిన వాలిపోతాడు. తియ్యకుంటే కారు పోతుంది. టికెట్టుకు పోటీ పడుతున్న బాలేష్ అప్పుడే కారు తలుపు మీద చెయ్యేశాడు!

“అమ్మా, జర గీడ చెయ్యి వెట్టు. ఇప్పుడే వస్త!”

తల్లి ఐలమ్మ కొంగు సర్దుకుని వచ్చి, కొడుకు చేతుల పక్కన తన చెయ్యి ఆనించింది.

“దవాఖానల మీ నాయిన చెయ్యి నాకిచ్చి గూడ గిదే మాటన్నవ్, బిడ్డా.”

అప్పటికే నగేష్ బాలేష్‌ను నెట్టి కారెక్కాడు. అద్దం దించి అరిచాడు:

“వాలుతున్నడే! గట్టిగ వట్టుకో!”